ఆర్వి వేసిన ముడి

ఎడమ బొటనవేలిని చేప మొప్పలోకి దూర్చి, తలను బల్ల అంచుకు ఆనించి, కుడిచేతి దుడ్డుకర్రతో కళ్ల వెనుక ఒక్క దెబ్బ కొట్టాడు ఆర్వి. చేప విల్లులా వంగి, వణికి, నిలిచిపోయింది. దాన్ని మంచుపెట్టెలోకి జార్చి మరొకదానికి చెయ్యి చాపాడు. రెండో దెబ్బ అవసరమయ్యేవాడు ఈ పనికి తగడని అతని నమ్మకం. పెళ్లికి ముందు నుంచి ఈ ట్రౌట్ చెరువుల దగ్గర అతను చేస్తున్నది ఇదే. భూర్జచెట్టు కొయ్యతో చేసిన ఆ దుడ్డుకర్రలో అతని వేళ్లకు సరిపడా నాలుగు గుంటలు పడ్డాయి. బట్టల మీద కట్టుకున్న రబ్బరు ముంగట్టు నిండా నెత్తురు, కనుబొమల మీద ఎండిన పొలుసులు. ఎడమచేతి చిటికెనవేలు మంచుకోసే రంపానికి ఎప్పుడో పోయింది.

ఒక్కో పెట్టె నిండగానే నడుం నిటారు చేసి, గుంజకు తగిలించిన దుర్భిణిని తీసి చెరువు అవతలికి చూసేవాడు. దానికి ఒక కన్ను పగిలింది. రెండో కన్ను చాలు. ఊబినేల మధ్య పైభాగం కోసేసిన పైన్ చెట్టు, దాని నెత్తిన బండెడు పుల్లల గూడు, ఆ గూటిలో చేపలగద్దల జంట.

ఏప్రిల్‌లో సరస్సు ఇంకా గడ్డకట్టి ఉండగానే మగది వచ్చింది. రెండు రోజుల్లో అదే గూటికోసం మరో మగది వచ్చింది. ఆకాశంలో గోళ్లు గోళ్లు పెనవేసుకుని, సుడులు తిరుగుతూ వచ్చి మంచు మీద పడ్డాయి. ఒకటే లేచింది. రెండోది ముక్కు తెరుచుకుని అక్కడే ఉండగా, పూర్తిగా చావకముందే బొంతకాకులు దాని కళ్ల దగ్గర పని మొదలుపెట్టాయి. తర్వాత ఆడది వచ్చింది, మూడు గుడ్లు పెట్టింది. మే నెల హిమపాతంలో వీపున మంచు పేరుకున్నా గుడ్ల మీద నుంచి లేవలేదు. మూడో పిల్ల ఆలస్యంగా పుట్టింది. పెద్దది దాని నెత్తిన పొడుస్తూ ఉంటే తల్లి పక్కనే కూర్చుని, మెడ చాచినవాటికే చేప ముక్కలు అందించింది. వారం తిరక్కుండా చిన్నది తోబుట్టువుల కాళ్లకింద గడ్డిలో కలిసిపోయింది. ఆర్వి అదంతా తన బల్ల దగ్గర ఉండే ముఖంతోనే చూశాడు. అక్కడ జరిగేదానికి క్రూరత్వమని పేరు పెట్టాలని అతనికి తోచలేదు. పెడితే తన పనికీ ఒక పేరు పెట్టాల్సి వచ్చేది.

అతని తండ్రి కాలంలో ఈ పక్షుల్ని కాల్చేవారు. కాళ్లు నరికి కొట్టం తలుపుకు మేకులతో కొట్టేవాడు తండ్రి. ఆ తలుపు వెనుకనే గుర్రానికి కట్టే తోలుపట్టీ వేలాడేది. అది గుర్రం మీదకన్నా కొడుకు వీపు మీదనే ఎక్కువ పడేది. ఒకసారి నరకడానికి వీలుగా గద్ద కాలు పట్టుకోమని కొడుకుతో అన్నాడు. గొడ్డలి పడ్డాక కూడా ఆ గోళ్లు పిల్లవాడి వేలిని బిగించి వదల్లేదు. అది స్నాయువుల బిగింపు తప్ప మరేమీ కాదని పెద్దయ్యాక ఆర్వి తెలుసుకున్నాడు. తెలిసినంత మాత్రాన ఆ వేలు మరిచిపోలేదు.

పాత గూడు పోయిన శరదృతువు గాలివానకు చెట్టుతో సహా కూలింది. ఊబి గడ్డకట్టి మనిషినీ బండినీ మోసే చలికాలంలోనే ఈ ప్రాంతంవాళ్లు గద్దలకు గూళ్లు కడతారు. గద్దపిల్లల కాళ్లకు గుర్తు కడియాలు తొడిగే పక్షిశాస్త్రవేత్త ఊళ్లోవాళ్లను అడుగుతాడు. వాళ్లు సణుగుతూనే వెళ్తారు. ఒకప్పుడు టెలిఫోన్ స్తంభాలెక్కిన ఆర్వి కాళ్లకు ఇనుపకొక్కేలు కట్టుకుని పైన్ చెట్టెక్కి, కొన కోసి, దుంగలు కొట్టి, పుల్లల తొలివరస పేర్చాడు. మధ్యలో పుల్లలు కట్టే ఇనుపతీగ అయిపోయింది. కిందికి దిగి మళ్లీ ఎక్కడం బరువనిపించి, జేబులోని గడ్డికట్టలు కట్టే తాడుతో బిగించాడు. నారింజరంగు ప్లాస్టిక్ తాడు. ఇక్కడివాళ్లు గేట్లనూ పడవల్నీ, అవసరమైతే ప్యాంటునూ దానితోనే కట్టుకుంటారు. కుళ్లదు, చివకదు. అదే దాని మంచి గుణమని అందరూ అనేవారు.

ఆగస్టు మొదటివారం. పెద్దపిల్ల అప్పటికే సరస్సు మీద ఎగురుతోంది. రెండోది గూడు వదలడం లేదు. బద్ధకమనుకున్నాడు ఆర్వి. ఆ ఉదయం గాలి బలంగా వీచింది. మూడో పెట్టె నిండాక దుర్భిణి కంటికి పెట్టేసరికి ఆ పిల్ల రెక్కలు విప్పి లేచింది. ఒక కాలు వెనక్కి సాగింది. మరుక్షణం తలకిందులై గూటి అంచుకింద వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటోంది. కాలికీ గూటికీ మధ్య సన్నని నారింజ గీత.

రెండు చుట్లు, ఒక లాగుడు, కోయకుండా వదిలేసిన పొడుగాటి కొస. ఇంత దూరం నుంచి ముడి కనిపించదు. అది ఎలా ఉంటుందో చూడకుండానే అతని చేతులకు తెలుసు.

ఆఫీసుగది నుంచి శాస్త్రవేత్త ఇంటికి ఫోను చేశాడు. ఆయన ఉత్తరాది సరస్సుల వైపు వెళ్లాడని, ఎల్లుండి గాని రాడని భార్య చెప్పింది. చెరువుల యజమాని రైమో కుర్చీలో వెనక్కి వాలి వింటున్నాడు. అతను చెడ్డవాడు కాదు. గద్దలు తన చెరువులోంచి రోజూ ఎత్తుకుపోయే చేపల్ని చూసి ఓపిక నశించినవాడు.

"దొంగ కాలు ఇరుక్కుంటే తాడు కోయడానికి నువ్వెళ్తావా పెద్దాయనా? వెళ్తూ వెళ్తూ ఒక పెట్టె చేపలు కూడా పట్టుకెళ్లు, పాపం, ఆకలితో ఉంటుంది."

"దొంగతనం దానిది. ముడి నాది."

"ఎండాకాలం ఊబి కుక్కని కూడా మొయ్యదు. నువ్వు చూస్తే గుండెకి మాత్రలు మింగుతున్నావు. ఎల్లుండి ఆయనొస్తాడుగా, అప్పటిదాకా ఆగలేవా?"

"నీ కాలికి తాడు కట్టి దూలానికి వేలాడదీస్తా. ఎల్లుండి విప్పుతా. ఉంటావా?"

రైమో నవ్వాడు. నవ్వి, ముసలివాడి మొండితనం మధ్యాహ్నానికి చల్లారుతుందనుకుని తన పని చూసుకున్నాడు.

ఆర్వి తొట్టిలో మిగిలిన చేపలన్నింటినీ ముగించాడు. సగం చేసిన పనిని వదిలిపోవడం అతనికి తెలియదు. కర్ర కడిగి బల్ల మీద పెట్టాడు. భార్య హిల్కా కట్టిచ్చిన రై ధాన్యపు రొట్టెలో సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టాడు. ముంగట్టు విప్పి మేకుకు తగిలించాడు. మాత్రల డబ్బా దాని జేబులోనే ఉండిపోయింది.

చెట్టెక్కే ఇనుపకొక్కేలు నడుముకు తగిలించుకుని, పడవరేవు పలకలు రెండు భుజానికెత్తుకుని ఊబిలోకి దిగాడు. ఒక పలక ముందు పరిచి, దాని మీద నిలబడి, వెనుకది లాగి మళ్లీ ముందుకు తొయ్యాలి. నాచు కింద నీళ్లు గుడగుడమన్నాయి. ఒకచోట పలక జారి తొడదాకా దిగబడ్డాడు. బురద బూటును పీల్చుకుంటుంటే రెండు చేతులతో పలకను కౌగిలించుకుని, ఊపిరి అందేదాకా చెంప దానికి ఆనించి పడుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం నుంచి మణికట్టుదాకా బరువెక్కింది. చల్లటి నీళ్ల వల్లనేమో అనుకున్నాడు.

కొక్కేలు కాళ్లకు కట్టుకుని అతను చెట్టు సగం ఎక్కేసరికి తల్లిగద్ద మీదికి దూకింది. మొదటిసారి టోపీ పోయింది. రెండోసారి నెత్తి చర్మం చీలింది. నెత్తురు కంట్లోకి కారుతుంటే తల చెట్టుకు రుద్దుకుని, కొక్కేలను మానులోకి గుచ్చుతూ పైకి పోయాడు. ఎందుకు వచ్చావని అడిగే జంతువు కాదది. గూటి మీదికి వచ్చినవాడెవడైనా దానికి ఒకటే.

పిల్ల రెక్కలు కొట్టడం మానేసింది. ముక్కు తెరిచి రొప్పుతోంది. తాడు పట్టి పైకి లాగి గూటి అంచున పడుకోబెట్టాడు. తాడు చర్మంలోకి దిగి, దానికింద పాదం నల్లగా వాచింది. నడుముకున్న కత్తి తీసి, మొనను తాడుకీ ఎముకకీ మధ్య దూర్చడానికి ఎడమ చూపుడువేలు ఆనించాడు. పిల్ల రెండో పాదంతో ఆ వేలిని పట్టుకుంది. గోళ్లు ఎముకదాకా దిగాయి. అతను వేలు లాక్కోలేదు. కత్తి తిప్పాడు. తాడు తెగింది.

రెండు చేతులూ కావలసివచ్చి కత్తిని గూటి దుంగలో గుచ్చాడు. ఒక్కొక్క గోరే విప్పాడు. పిల్ల అతని మణికట్టును ముక్కుతో చీల్చి, వెనక్కి జరిగి, గాలిలోకి పడిపోయింది. రాయిలా దిగింది. ఊబికి కాస్త ఎత్తున రెక్కలు విచ్చుకున్నాయి. ఒక కాలు వేలాడేసుకుని నీటి వైపు పోయింది. ఆ కాలు నిలిచిందో లేదో, ఆ పక్షి దక్షిణానికి చేరిందో లేదో ఎవరూ చూడలేదు.

దిగి, చెట్టు మొదలుకు వీపు ఆనించి కూర్చున్నాడు ఆర్వి. ఒక కొక్కెం పట్టీ విప్పి, ఇనుమును పక్కన నాచు మీద సరిగ్గా పెట్టాడు. రెండో పట్టీ మీద చెయ్యి వేసి కాసేపు ఆగాడు. గాలి తగ్గింది. ఆ చెయ్యి మళ్లీ కదల్లేదు.

ఆ సాయంత్రం స్నానానికి ఆవిరిగది వేడిచేసి ఎదురుచూసిన హిల్కా చెరువుల దగ్గరికి ఫోను చేసింది. రైమో మరో ఇద్దరితో పలకలు వేసుకుంటూ వెళ్లాడు. ముసలివాడి కనుబొమల్లో నెత్తురూ చేప పొలుసులూ కలిసి ఎండిపోయాయి. పైన ఆడగద్ద చేపను చీలుస్తోంది. ఒక పేగుముక్క జారి అతని మోకాలి మీద పడి ఉంది. రైమో దాన్ని చేత్తో తీసేశాడు.

ఆర్వి ఇంటి గుమ్మంలో బురద బూట్లతో నిలబడి రైమో తాడు సంగతితో సహా చెప్పవలసింది చెప్పాడు. హిల్కా తలుపు పట్టుకుని విన్నది.

"తాడు తెగిందా?"

"తెగిందమ్మా."

"అయితే బూట్లు విప్పి లోపలికి రా. కాఫీ ఉంది."

నెలాఖరుకు ఆడగద్ద వెళ్లిపోయింది. సెప్టెంబరులో మగదీ వెళ్లింది. కొత్త మనిషికి బల్ల చూపిస్తున్న రైమో, రెండు దెబ్బలు పడుతున్నాయని విసుక్కుని బయటికొచ్చి, గుంజ మీది దుర్భిణిని మొదటిసారి కంటికి పెట్టుకున్నాడు. పగిలిన కన్నేదో తెలియక కాసేపు చీకటినే చూశాడు. తర్వాత గూడు దొరికింది. ఖాళీ పుల్లల అంచున, దుంగలోకి సగం దిగిన కత్తి. చేతి జిడ్డుకు నల్లబడ్డ భూర్జ పిడి, దానికి చుట్టుకుని గాలికి కదులుతున్న జానెడు నారింజ తాడు.