ఒక్క నూలు తేడా

గాలి నిండా గంజి వాసన.

తెల్లవారితే ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు పడుగులు సాగేవి. తడి దారాల మీద పడమటి గాలి. గడపల లోపల మగ్గాల చప్పుడు.

ఆ వీధికి వడ్రంగి ప్రభుదాసు. మిషను బడిలో పని నేర్చినవాడు. మగ్గం కదిలిపోతే అతడే. పేక దారం మోసే నాడె పగిలితే అతడే.

పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో హులిగమ్మ కుడిభుజం పట్టేసింది.

మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఒక్కతే మగ్గం మీద తువ్వాళ్లు నేసేది. జానెడు నేయడం... ఆగడం. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోంచి ముందుకు వంగి, నేసినదాన్ని కర్రకు చుట్టడం. మళ్లీ నేయడం. మళ్లీ ఆగడం. ఆ చుట్టడం దగ్గరే భుజం మొరాయించింది.

"సెయ్యి పైకి లేయడంలేదప్పా," అంది. ఇంకేమీ అడగలేదు.

ప్రభుదాసు మూడు వారాలు ఆలోచించాడు. ఆమె ఇంటి పాత తలుపు కోసి ఒక పళ్ల చక్రం చేశాడు. పళ్ల సందుల్లో వాలే చెక్కనాలుక ఒకటి. నాలుకను అదిమి పట్టడానికి బర్రెతోలు వారు. మగ్గం దెబ్బ పడేకొద్దీ చక్రం పన్ను పన్నుగా తిరిగింది. బట్ట దానంతటదే చుట్టుకుంది.

హులిగమ్మ ఆగకుండా నేసింది. ఆ పూటంతా నేసింది.

"ఏమియ్యాలప్పా నీకు?"

"తలుపు నీదే గదక్కా. ఏమొద్దులే."

వీధికి తెలిసింది. "చెక్క తెచ్చుకోండి, చేసిస్తా," అన్నాడు ప్రభుదాసు. తెచ్చుకున్నారు. చేసిచ్చాడు. వానాకాలం తోలు మెత్తబడి జారుతోందని పుల్లన్న అనే నేతగాడు వచ్చి చెప్పాడు. ఇద్దరూ కూర్చుని తోలుకు ఆముదం పట్టించి చూశారు. జారలేదు. ఎవరికి ఏ లోపం కనిపించినా వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. చక్రం ప్రభుదాసుదే. అయినా వీధి మొత్తం దాని మీద చెయ్యి వేసింది.

వాదిరాజకు ఆ చక్రమంటే ప్రాణం.

అతడు హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మంత్రాలయంలో గుడిసేవ చేసే ఇంటి మనిషి. చక్రం బొమ్మను కొలతలతో సహా కాగితం మీద గీశాడు. అచ్చు తీసి హాలహర్వి దాకా పంచాడు. ఊరికే పంచాడు.

కానీ దానమ్మ ఇంకా కూలికి పోతూనే ఉంది.

ప్రభుదాసు పెళ్లాం ఆమె. సి.బెళగల్ చేలల్లో శెనక్కాయ పెరికి వచ్చేది. గోళ్ల సందుల్లో నల్లరేగడి, అరచేతుల్లో పగుళ్లు.

"ఊరికే ఇచ్చుకుంటా పోతే మనమేం తినాల?" అనింది ఒకరోజు. కోపంగా కాదు. నిజంగానే అడిగింది.

అదే ఏడు వాదిరాజ ఒక ఆలోచనతో వచ్చాడు.

"చక్రం ఎప్పటిమాదిరే ఊరికే ఇస్తాం ప్రభుదాసూ. ఇనుపనాలుక, దానికో స్ప్రింగు చేయిస్తాం ఆదోనిలో. డబ్బు దానికి మాత్రమే."

అందులో తప్పేమీ కనిపించలేదు. వాదిరాజ బడికి రాజీనామా ఇచ్చాడు. ఆదోనిలో షెడ్డు, షెడ్డు మీద బోర్డు.

చక్రం ఉచితం.

ఏడాది గడిచింది. స్ప్రింగు కొన్నవాళ్లు లేరు. తోలు ఉండగా స్ప్రింగు ఎందుకు?

ఉద్యోగం వదులుకున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ప్రభుదాసు ఆ ఏడాదంతా చూశాడు. ఒకరోజు వాదిరాజ చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా అడిగాడు.

"పళ్ల సందు ఒక్క నూలు తగ్గించలేవా?"

నేతగాడికి నూలంటే దారం. వడ్రంగికి నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

ఒక్క నూలు తగ్గితే చెక్కనాలుక సందులో దిగదు, సన్నగా చెక్కితే విరుగుతుంది. సన్నటి ఇనుపనాలుక మాత్రమే దిగుతుంది. ఇనుపనాలుకను తోలు అదిమి పట్టలేదు, స్ప్రింగే కావాలి. స్ప్రింగు నాలుగు నెలల్లో సడలుతుంది.

అడిగిన క్షణంలోనే ప్రభుదాసుకు అంతా అర్థమైంది.

ఉలి చేతిలోనే ఉంది... దానమ్మ అరచేతులు గుర్తొచ్చాయి.

తగ్గించాడు.

"కొత్త రకం," అని చెప్పాడు అందరికీ. పాతవి అరిగేకొద్దీ కొత్తవి తీసుకుపోయారు. హులిగమ్మ చక్రం చీలిపోతే ఆమే వచ్చి ఒకటి తీసుకుంది. ఊరికే ఇచ్చాడని దండం పెట్టింది.

స్ప్రింగులు అమ్ముడుపోయాయి. గుంతకల్లుకు, బళ్లారికి పోయాయి. షెడ్డులో ఆరుగురు పనివాళ్లు. దానమ్మ కూలి మానేసింది. బోదగడ్డి కప్పు పోయి మిద్దె లేచింది. పగుళ్లు మానాయి.

కానీ అరుగు మీద కూర్చునేవాళ్లు లేరు. వచ్చినవాళ్లు స్ప్రింగు తీసుకుని పోయేవాళ్లు. లోపం చెప్పేవాళ్లు లేరు. గాలి ఒక్కటే వచ్చి, అరుగు మీద దుమ్ము కదిపి పోయేది.

తర్వాత వానలు లేవు. ఒక ఏడు, ఇంకో ఏడు. నల్లరేగడి నెర్రెలు విచ్చింది. నూలు ధర పెరిగింది. తువ్వాళ్ల ధర పెరగలేదు.

హులిగమ్మ స్ప్రింగు కోసం రాలేదని ప్రభుదాసు గమనించాడు. రేపు తానే పట్టుకుపోదామనుకున్నాడు. రేపు... మళ్లీ రేపు.

మాఘమాసంలో, ఆదోనిలో ఒక పత్తి మిల్లు గేటు ముందు ఆమె కనిపించింది. పనివాళ్ల మధ్య కూర్చుని సద్ది తింటోంది. తల నిండా పత్తి. గాలికి పింజలు లేచి మళ్లీ ఆమె మీదే వాలుతున్నాయి.

"అక్కా... ఈడ ఏం జేస్తాండావు?"

"పత్తిలో సెత్త ఏరతాండా అప్పా. దీనికి ఒక సెయ్యి సాలు."

"మగ్గం?"

"స్ప్రింగు తెగింది. మళ్లా కొనే శక్తి యాడుంది? తోలు కట్టి జూసినా. నిలబడలా. ముందు నిలబడేది గదా, నేనే మరిసిపోయినానేమో కట్టేది అనుకున్యా. పది తూర్లు కట్టినా."

ఆమె తన చేతిని చూసుకుంది.

"ముసిలిదాన్నయితి. నా సెయ్యే సరిగా లేదప్పా."

ప్రభుదాసు, "ఈ పొద్దే వస్తా. బాగుచేసిస్తా," అన్నాడు.

"యాడికొస్తావు? మగ్గం గుంట పూడ్సేసినా. ఆడ కోళ్లను మూస్తాండా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. సద్దిముంత కడుక్కుని లోపలికి పోయింది.

ప్రభుదాసు షెడ్డుకు పోయి వాదిరాజకు చెప్పాడు. వాదిరాజ కళ్లు మూసుకున్నాడు.

"ఆరిళ్లు బతుకుతున్నాయి ప్రభుదాసూ. నేను మళ్లీ బడికి పోలేను." కళ్లు తెరిచి, "అడిగింది నేనే. చెక్కింది నువ్వు," అన్నాడు.

రెండూ నిజమే.

ఇంటికొచ్చి దానమ్మకు చెప్పాడు. ఆమె అప్పుడు చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాకెందుకు సెప్పినావు?" అంది. "సెప్పకపోయింటే ఈ మిద్దె కింద నిద్రన్నా పట్టేది."

మర్నాడు ప్రొద్దున ప్రభుదాసు ఆకురాయి పట్టుకుని మగ్గాల వీధికి పోయాడు. పుల్లన్న ఇంటి ముందు కింద కూర్చున్నాడు. చక్రం అడిగి తీసుకున్నాడు. ఒక్కో సందూ ఒక్కో నూలు అరగదీశాడు. చెక్కనాలుక పెట్టి తోలు వారు బిగించాడు.

పుల్లన్న మగ్గంలోకి దిగి నాలుగు దెబ్బలు వేశాడు. చక్రం తిరిగింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఎప్పుడు తెలిసె నీకు?"

"చెక్కేటప్పుడే."

పుల్లన్న మగ్గం ఆపేశాడు. పక్కింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కరే చక్రాలు తెచ్చి అతడి ముందు పెట్టి పోయారు. ఒక్కరూ తిట్టలేదు. కూర్చోలేదు. ప్రభుదాసన్నా అని పిలవలేదు.

ఎండ ఎక్కింది. గాలికి చెక్కపొడి లేచి కళ్లలో పడుతోంది.

పుల్లన్న మళ్లీ లోపలికి పోయి, దుమ్ము పట్టిన ఇంకో చక్రం తెచ్చాడు.

"మా తమ్మునిది. స్ప్రింగులు కొనలేక పోయినేడే మగ్గమమ్మి బెంగళూరికి కూలికి పోయినాడు వాడు."

చక్రాన్ని ప్రభుదాసు చేతుల్లో పెట్టాడు.

"దీన్ని గూడా అరగదియ్."

ప్రభుదాసు తలెత్తి చూశాడు. పుల్లన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

ప్రభుదాసు ఆకురాయి తీసుకున్నాడు. మొదటి సందులో పెట్టాడు.