మూసేసిన కంత

"గ్యాస్ గీజరు విప్పేటప్పుడు గీతలు పడనీయకు. లిలిస్‌కి ఇస్తానని మాటిచ్చాను" అన్నాడు యయత్ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. "పసిబిడ్డతో ఉంది. లెంబాంగ్ చలిలో వేడినీళ్ళు లేక అవస్థ పడుతోంది. ఇవాళ వచ్చి పట్టుకెళ్తుంది."

"మీ చెల్లెలికి కొత్తది కొనివ్వండి, కాంగ్" అంది ఇమాస్ భర్తతో.

"బాగా పనిచేసేదాన్ని పక్కన పడేస్తారా ఎవరైనా?" అని మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు. గీజరు ఎవరు విప్పాలో మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో బాగా పనిచేసేవాటి బాగోగులు ఎవరికీ పట్టవు. ఇమాస్ సంగతీ అంతే.

పెరటి గోడ పక్కనున్న సిలిండర్ దగ్గరికి వెళ్ళి మీట తిప్పి గ్యాస్ కట్టేసింది. రెగ్యులేటరు ఊడదీసి సిలిండరును దూరంగా వాకిట్లోకి దొర్లించింది. స్నానాలగది తలుపు బార్లా తెరిచి, నీళ్ళ వాల్వు మూసి, కుళాయి తిప్పింది. గీజరులో మిగిలిన నీళ్ళు బొటబొటా కారాయి. ఆ చప్పుడు వింటూ అక్కడే గోడకు చేరగిలబడింది. కూతురు నెండెన్ చివరిసారి పోసుకున్న స్నానం నీళ్ళలో ఇవి మిగిలినవి కాబోలు అనిపించింది. కుళాయి కింద చెయ్యి పెట్టింది. చల్లగా ఉన్నాయి.

వానాకాలమంతా నెండెన్ స్నానం చేసి వస్తూనే తలనొప్పి, వాంతి వస్తోందని ముడుచుకునేది. "ఒంట్లో గాలి చేరింది. నాణెంతో గీకు, ఇమాస్" అనేది అత్తగారు అంబు. పిల్ల వీపుకి నూనె రాసి, ఎర్రటి చారలు తేలేదాకా నాణెంతో గీకేది ఇమాస్. "అమ్మా, మంట" అంటే, "ఇంకొక్క గీత, తల్లీ" అనేది. ఆ పైన అంబు స్నానాలగది కంత చూపించింది. "చలిగాలి వచ్చేది దీంట్లోంచేగా!" యయత్ ఆ రోజే చెక్క పెట్టి మేకులు కొట్టాడు.

తనకీ అక్కడ బట్టలుతికితే తల పగిలిపోతోందని ఇమాస్ చెప్పకపోలేదు. గీజరు మంట నీలంగా కాక పసుపుపచ్చగా వస్తోందనీ, గ్యాస్ అయిపోయిన రోజుల్లో ఏ నొప్పీ ఉండట్లేదనీ చెప్పింది. యయత్ నవ్వాడు. "బట్టలుతకాలంటే ఏ ఆడదానికి తలనొప్పి రాదూ?" అంబు ఇంకో మాట కలిపింది. "మా కోడలికి పనికో రోగం." వాళ్ళు నవ్వుతుంటే తనూ నవ్వేసింది, నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని.

ఒక సాయంత్రం స్నానానికి వెళ్ళిన పిల్ల ఎంతకీ రాలేదు. తలుపు విరగ్గొట్టారు. శవానికి స్నానం చేయించేటప్పుడు, ఆ చిన్న వీపు మీద తన చేతి చారలు అలాగే ఉన్నాయి. గాలి గుండెల్లో కూర్చుందన్నారు ఇరుగుపొరుగు. దేవుడి రాత అన్నాడు యయత్.

స్పానరుతో నట్లు వదులు చేసి, గీజరు దించి, రేకు మూత తీసింది. లోపలంతా మసి. వేళ్ళతో అద్దుకుని చాలాసేపు చూసుకుంది. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళూ ఎవరి ఎదుటా ఏడవనంతగా. తర్వాత వంటింట్లోంచి రాతి పొత్రం తెచ్చి, గీజరు లోపలి రాగి గొట్టాలు వంకర్లు పోయేదాకా కొట్టింది. సుత్తి తీసుకుని కంతకున్న చెక్క కూడా ఊడబెరికింది.

చప్పుడుకి అంబు పరుగెత్తుకొచ్చింది. వెనకాలే లిలిస్, ఛాతీకి గుడ్డతో కట్టుకున్న పసిపాపతో.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? నా కూతురికి నాలుగు చెంబుల వేడినీళ్ళు కూడా ఓర్చుకోలేవా?" అని అరిచింది అంబు.

"మీ కూతురు మీకు మిగలాలనే, అంబూ."

ఇమాస్ మసి అంటిన చెయ్యి లిలిస్ ముందు చాచింది.

"చూడు, లిలిస్. కంత మూసిన గదిలో నెండెన్ పీల్చింది ఈ మసి మంట వదిలిన విషగాలే. పోనీ మీ స్నానాలగదికి కంత ఉందా?"

లిలిస్ పాపను దగ్గరికి హత్తుకుంది. "ఉండేది, వదినా. గీజరు వస్తోంది కదా, పాపకి చలిగాలి తగలకూడదని నిన్ననే మా ఆయన మూసేశారు. అమ్మే చెప్పింది."

ఇమాస్ కింద పడేసిన సుత్తి మళ్ళీ తీసుకుంది.

"పద, మీ ఇంటికి."