తిరగబడ్డ మొగుడు

కట్టుకున్న భార్య చేత "అన్నయ్యగారూ" అని పిలిపించుకునే యోగం రిటైరైన లెక్కల మాస్టారికి పట్టింది. ఆవిడకి మతిమరుపు జబ్బు ముదిరింది. గోడమీది పెళ్ళిఫోటోలో ఉన్న కుర్రాడే మొగుడు. ఇంట్లో తిరిగే బట్టతల ఎవరో మంచి చుట్టం.

"మా ఆయనకి పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదండీ అన్నయ్యగారూ. మీకు కుడిబుగ్గ మీదుంది," అని ఓ పొద్దున తేల్చేసింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. నిజమే! ఇన్నేళ్ళూ ఆ ఫోటోని ఎవరూ పరీక్షగా చూసింది లేదు. మనిషి ఎదురుగా ఉండగా బొమ్మతో పనేముంది? మచ్చలేని మనిషినని చెప్పుకు తిరిగినాయనకి ఆ ఒక్క మచ్చే కాపురంలో చిచ్చు పెట్టింది.

ఫోటోనీ, దాన్ని వదలనన్న భార్యనీ వెంటబెట్టుకుని, అది తీసిన స్టూడియోకే వెళ్ళారు. తీసినాయన పోయాడు, కొడుకు నడుపుతున్నాడు.

"మా నాన్న నెగెటివ్ తిరగేసి ప్రింటు తీశాడు మాస్టారూ! చొక్కా జేబు చూడండి, కుడివైపుంది!" అని ఊగి ఊగి నవ్వాడతను.

"ఆయన నెగెటివ్ తిరగేశాడు, నా బతుకు తిరగబడింది. సరిచెయ్యి నాయనా. మచ్చ కుదిరితే మచ్చిక కుదురుతుందేమో!"

కంప్యూటర్లో కుడి ఎడమలు మారాయి. మాస్టారు తెర పక్కన బుగ్గ పెట్టి, "చూడు, ఇద్దరం ఒకటేగా?" అన్నారు ఆశగా.

ఆవిడ తెరనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. "ఈయన కూడా కాదు. మా ఆయన్ని ఏం చేశారు?"

తప్పు బొమ్మ ఆవిడకి నిజం, ఒప్పు బొమ్మ అబద్ధం. ఒప్పు చెయ్యబోయి మాస్టారు, ఉన్న ఒక్క మొగుణ్ణీ పోగొట్టారు.

"తిప్పెయ్ నాయనా, మళ్ళీ తిప్పెయ్! నా నిజం ఎవడిక్కావాలి? ఆవిడ మనిషిని ఆవిడకిచ్చెయ్."

కన్నీళ్ళు కనబడనివ్వకుండా, ఫోటోకి వచ్చినవాళ్ళు తల దువ్వుకునే నిలువుటద్దం వైపు తిరిగారు.

"ఏమండీ!"

భుజం వెనకనుంచి ఆవిడ అద్దంలోకి చూస్తోంది. అక్కడ మచ్చ ఎడమ బుగ్గ మీదుంది.

"ఇక్కడున్నారా! ఎంతసేపండీ తయారవడం?"

మాస్టారు అద్దంలోకే తలూపారు.

"ఆ అన్నయ్యగారు చాలా మంచివారండీ," అందావిడ గొంతు తగ్గించి. "రోజూ నాకు జడ వేస్తారు. చిక్కు తీసేటప్పుడు ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు."

"చెబుతాలే ఆయనకి," అన్నారు మాస్టారు. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇద్దరూ ఇటు తిరగండి మాస్టారూ, చక్కగా ఓ ఫోటో తీస్తాను," అన్నాడు స్టూడియో అతను కెమెరా అందుకుని.

"తిరగం. మా వీపులు తీసుకో," అన్నారు మాస్టారు, అద్దం మీంచి చూపు తిప్పకుండా.