ఎమెట్‌ను మోసిన ఆరుగురు

"సంతకం పెట్టండి మేడమ్. ఆగిన ఎనిమిది వారాల డబ్బూ వచ్చే వారమే వచ్చేస్తుంది" అన్నాడు విట్‌కోమ్, అద్దం కింది సందులోంచి కాగితం తోస్తూ.

నిరుద్యోగ భృతి ఆఫీసులో రోడా వెనకాలే నిలబడ్డాను నేను. నా వెనకాల ఇంకో ముప్ఫై మంది. రోడా కళ్లజోడు పెట్టుకుని, అందరికీ వినపడేలా పైకే చదివింది.

"ఆ మంగళవారం నాకు పని ఉందని పిలుపు వచ్చి ఉంటే, అంత్యక్రియలు మధ్యలో వదిలేసి వెళ్లి ఉండేదాన్నని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను."

కాగితం కింద పెట్టింది.

"అంటే శవపేటిక నేల మీద దించేసి పోయేదాన్నని రాసివ్వాలా?"

"అదంతా ఉత్త పద్ధతి కోసమేనండీ. ఒక్క సంతకం."

"ఎమెట్ పక్కన ఇరవై రెండేళ్లు పనిచేశానయ్యా. వాణ్ణి నడిరోడ్డు మీద పడేసి పోతానని రాయమంటావా? మీ ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదా?"

విట్‌కోమ్ తలెత్తలేదు. "తరవాతి వాళ్లు రండి" అన్నాడు. నాకు ఆ అద్దం పగలగొట్టాలనిపించింది.

మా బ్రేకుల ఫ్యాక్టరీలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోతే, అదే లైనులో పనిచేసిన ఆరుగురు పేటిక మోస్తారు. కొడుకులున్నా అన్నదమ్ములున్నా ముందు హక్కు ఆ ఆరుగురిదే. యజమాని గేటుకు తాళం వేసి, యంత్రాలు లారీలకెత్తుకుపోయిన మూడో వారంలో ఎమెట్ ప్రూయిట్ గుండె ఆగిపోయింది. ఆ మంగళవారం అంత్యక్రియలకు రెండువందల పదకొండు మందిమీ చర్చికి వెళ్లాం. ఆరుగురు మోశారు. వాళ్లలో ముందు ఎడమ పక్కన రోడా.

ఆ తరవాత ఆదివారం వచ్చింది. భృతి కావాలంటే ఏ రోజు పిలిచినా పనికి రాగలగాలి, ఆ మాట ప్రతి ఆదివారం ఫోన్ చేసి చెప్పాలి. రికార్డు చేసిన ఆడగొంతు అడుగుతుంది: "ఈ వారం ఏ రోజైనా మీరు పనికి అందుబాటులో లేరా? లేని రోజుంటే ఒకటి నొక్కండి. అన్ని రోజులూ ఉంటే రెండు నొక్కండి." మిగతా అందరం రెండు నొక్కేశాం. వేళ్లకు అదే అలవాటు. ఆ ఆరుగురు మాత్రం, పేటిక మోసి వచ్చిన చేత్తో అబద్ధం నొక్కడం ఏమిటనుకుని ఒకటి నొక్కారు. మంగళవారమని చెప్పారు, కారణమూ చెప్పారు. అంతే, "విచారణలో ఉంది" అన్న ఒక్క ముక్కతో వాళ్ల తిండి ఆగిపోయింది. అబద్ధమాడిన మాకు మాత్రం డబ్బు ఠంచనుగా వస్తూనే ఉంది. ఈ ప్రభుత్వానికి ఎలాంటి మనుషులు కావాలో ఇంతకంటే ఎవరు చెప్పాలి?

రోడా మొగుడు క్లైడ్ ఊపిరితిత్తులను ఆ ఫ్యాక్టరీ దుమ్మే తినేసింది. కరెంటు మీద నడిచే ఆక్సిజన్ యంత్రం లేకపోతే అతనికి ఊపిరాడదు. బిల్లు కట్టలేదని, శుక్రవారం కరెంటు తీసేస్తామని నోటీసు వచ్చింది.

బుధవారం యూనియన్ హాల్లో అందరం కూడాం. వెల్డింగు పని చేసిన వెర్న్ ముందే లేచాడు.

"సంతకం గీకి పారేస్తే పోలా రోడా? ఎమెట్ లేచొచ్చి చూస్తాడా? అక్కడ క్లైడ్‌కి ఊపిరాడక చస్తుంటే నీకీ పంతమేంటి?"

"ఆ మంగళవారం నువ్వెక్కడున్నావ్ వెర్న్?"

"ఎక్కడుంటాను? చర్చిలో, నీ వెనకాలే."

"పని ఉందని ఫోనొస్తే లేచిపోయేవాడివా?"

"ఛీ! నేను మనిషిని కానా?"

"మరి ఆదివారం ఏం నొక్కావ్?"

వెర్న్ కూర్చున్నాడు. హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"సిగ్గుపడమని అడగట్లేదర్రా" అంది రోడా. "ఆరుగురమే కాబట్టి ఆటాడుకుంటున్నారు. రెండొందల మందీ అదే నిజం చెబితే ఏం చేస్తారో చూద్దామని అడుగుతున్నా."

"చూసేదేముంది? అందరి డబ్బూ ఆపుతారు!" అని అరిచారు వెనక నుంచి.

నిజమే, ఆపుతారు. నాకు ఇద్దరు పిల్లలు. అయినా ఎనిమిది వారాలుగా ఆ అబద్ధం సొమ్ము తింటున్నానని నా ఒళ్లంతా మండిపోతోంది. ఫోన్ తీశాను. పాత జవాబు దిద్దుకోవాలంటే నాలుగు నొక్కాలి.

"ఒరేయ్ లీలండ్, పిచ్చా నీకు? మీ ఆవిడ ఇంట్లోకి రానివ్వదు" అన్నారెవరో.

"గుమ్మంలో పడుకుంటాలే" అన్నాను. నాలుగు నొక్కాను. కారణం చెప్పమంటే గట్టిగా చెప్పాను: "ఎమెట్ ప్రూయిట్ అంత్యక్రియల్లో ఉన్నాను. మీరు పిలిచినా వచ్చేవాణ్ణి కాదు."

నా పక్కన ఒకరు ఫోన్ తీశారు. తరవాత బల్ల మొత్తం తీసింది. ఎమెట్ పేరు హాలంతా మోగింది. అందరికంటే ఆఖర్న వెర్న్, బూతులు తిట్టుకుంటూ నొక్కాడు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి కరెంటు కంపెనీ మనిషి వచ్చి మీటరు పీక్కుపోయాడు. ఇంట్లో ఉన్న ఆక్సిజన్ సిలిండరు రెండు గంటలసేపే సరిపోతుంది. రోడా ఏడవలేదు.

"కుర్చీ ఎత్తండి" అంది.

క్లైడ్‌ను కుర్చీతో సహా ఆ ఆరుగురే ఎత్తారు. ముందు ఎడమ పక్కన రోడా. యంత్రం నేను పట్టుకున్నాను. మెయిన్ వీధి పొడవునా మా వెనక రెండువందల మంది నడిచారు. కొట్లలో వాళ్లు బయటికొచ్చి టోపీలు తీశారు, ఎవరో పోయారనుకుని.

"ఇంకా పోలేదర్రా!" అన్నాడు క్లైడ్.

భృతి ఆఫీసులో, సరిగ్గా విట్‌కోమ్ అద్దం కింద గోడకున్న ప్లగ్గులో రోడా తీగ పెట్టింది. యంత్రం గురగురమంది.

"ఇది ప్రభుత్వ కరెంటు! తియ్యండి ముందు!"

"మా ఇంట్లో కరెంటు నీ కాగితం వల్లే పోయింది. నా డబ్బు వచ్చేదాకా నా మొగుడు ఇక్కడే ఊపిరి పీలుస్తాడు."

"నన్నూ విచారించవయ్యా" అని వెర్న్ అద్దం మీద చరిచాడు. "నేనూ చర్చిలోనే ఉన్నా. ఆ సంతకం కాగితాలు రెండొందలున్నాయా నీ దగ్గర?"

పోలీసులు వచ్చారు. "ఇతన్ని ఎవరు తీసుకొచ్చారు?" అనడిగితే రెండువందల గొంతులు "నేనే" అన్నాయి. ఓ కుర్ర పోలీసు ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

"పీకు నాయనా" అన్నాడు క్లైడ్, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "కానీ నా వైపు చూస్తూ పీకు."

ఆ కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ చుట్టూ నిలబడ్డ ఆ ఆరుగురికీ సంకెళ్లు వేసి తీసుకుపోయారు. ప్లగ్గును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని పక్కన వెర్న్ చతికిలబడ్డాడు. మేమెవరమూ కదల్లేదు.

ఆదివారం ఉదయానికీ ఆ ఆఫీసులోనే ఉన్నాం. రోడా, మిగతా ఐదుగురూ ఇంకా జైల్లోనే ఉన్నారు. క్లైడ్ యంత్రం నడుస్తూనే ఉంది. భృతి కోసం అందరం ఒకేసారి ఫోన్లు చేశాం, గొంతు బయటికి వినపడేలా పెట్టి. ఈ వారం ఏ రోజైనా అందుబాటులో లేరా అని అడిగింది ఆ రికార్డు గొంతు.

ఒకటి నొక్కాం, రెండువందల మందీ.

ఏ రోజు?

శుక్రవారం.

కారణం?

"మనిషిని మోశాం" అన్నాం. "అవసరమైతే రేపూ మోస్తాం."