రెండో షిఫ్టు సైరన్

అస్గర్ అంగి అంచుకు ఆ చిల్లు ఎక్కడిది? యాసిడ్ తిన్న చిల్లు. అలాంటివి సదయ్య బట్టలన్నిటికీ ఉన్నాయి. గనిలోకి దిగేవాళ్ళు తలకు కట్టుకునే దీపాల బ్యాటరీలకు చార్జింగ్ పెడుతూ లాంపురూంలోనే ముసలివాడయ్యాడు మరి. స్టీరింగ్ పట్టే అస్గర్‌కు యాసిడ్‌తో ఏం పని?

ఇద్దరూ కలిసి కొన్న పాత వ్యాను సదయ్య ఇంటి ముందు రేకుల కింద ఉంది. లోపల రెండు మంచాలు, ఫ్యాను, లైట్లు. జాతరలకు పోయేవాళ్ళు అద్దెకు తీసుకుని అందులోనే పడుకుంటారు. ఇంజనుకు ఒక బ్యాటరీ ఉంది. ఫ్యానుకూ లైట్లకూ మంచం కింద రెండు పెద్దవి వేరుగా ఉన్నాయి. నడపడం అస్గర్ వంతు, బ్యాటరీలు సదయ్య వంతు. కొన్నాళ్ళుగా ఆ పెద్దవి రెండూ రాత్రి సగం కాకముందే చచ్చిపోతున్నాయి. మొన్న ధర్మపురి పోయిన నస్పూర్ వాళ్ళు చీకట్లో పసిపిల్లకు కొంగుతో విసురుతూ తెల్లవార్చారట. రేపటి బేరమూ ఇలాగే అయితే ఇక వ్యానును అడిగే దిక్కుండదు.

కరెంటు పోయినప్పుడు చాటుగా ఎత్తుకుపోయిన ఈ బ్యాటరీలతో అస్గర్ ఇంట్లో ఫ్యాను తిరుగుతోందేమో. ఎవరు చూశారు? అతని భార్య నుస్రత్ బేగం ఈ మధ్య ఉక్కపోస్తోందన్న మాటే అనడం లేదు.

అందుకే పొద్దున మొదటి షిఫ్టు సైరన్‌కు చార్జింగ్ పెట్టిన దగ్గర్నుంచి సదయ్య వ్యాను పక్కనుంచి కదల్లేదు. జేబులో కొత్త తాళం ఉంది. సాయంత్రం బ్యాటరీల పెట్టెకు అది వేసేసి, పొత్తు చాలని చెప్పేయాలి.

మధ్యాహ్నం దాటాక అస్గర్ వచ్చాడు.

"ఏంది సదన్నా, పెండ్లిపిల్లకు లెక్క కావలి కాస్తున్నవ్?"

"కాయాలె గద. దొంగలు మోపైన్రు."

"బ్యాటరీల దొంగలా? నడుములు ఇరుగుతయి వాళ్ళకు! మొన్న నీతోని దింపినందుకే యాసిడ్ పడి నా అంగి ఖరాబైంది. బేగం ఇంక తిడ్తనే ఉన్నది."

సదయ్య ముఖం తిప్పుకున్నాడు. 'నీ దిక్కు వంచు' అని ఆరోజు అన్నది తనే. చిల్లును అంత భద్రంగా దాచుకున్న బుద్ధి ఆ మాటను ఎక్కడ పారేసుకుంది? అయినా అనుమానం ఓడిపోలేదు. అంగి సంగతి సరే, చార్జింగ్ సంగతేమిటి?

రెండో షిఫ్టు సైరన్ కూసింది. సదయ్య కాళ్ళు వాటంతటవే లేచాయి. వ్యానెక్కి చార్జరు క్లిప్పు పట్టుకున్నాడు.

"ఇగో, సైరన్ కూయంగనే ఉరుకుడు!" అస్గర్ నవ్వాడు. "ఇంక లాంపురూంలనే ఉన్నవన్నా నువ్వు."

చెయ్యి ఆగింది.

లాంపురూంలో చిన్న బ్యాటరీ ఒక షిఫ్టుకే నిండేది. సైరన్‌కు తీయకపోతే కిటికీ అవతల మనిషి దీపం కోసం చెయ్యి చాచుకుని నిలబడేవాడు. ఇక్కడ చెయ్యి చాచేదెవరు?

రెండో చేత్తో బ్యాటరీ మూత విప్పి చూశాడు. నిండితే లోపల బుడగలు లేవాలి. ఇందులో నీళ్ళు బావినీళ్ళలా నిమ్మళంగా ఉన్నాయి. పొద్దుటినుంచీ ఎవరూ ముట్టుకోలేదు. చిన్నవాటికి చాలిన ఒక్క షిఫ్టు ఈ పెద్దవాటికి చాలదు; ఇంతకాలం సైరన్ కూయగానే క్లిప్పు తీసేసి, వీటిని సగం కడుపుతో పస్తు పెట్టింది తనే.

"ఏమైందన్నా? తీస్తలేవు?"

జేబులో తాళం తొడకు ఒత్తుకుంటోంది. సైరన్ ఇంకా కూస్తూనే ఉంది. సదయ్య క్లిప్పును అలాగే ఉంచి, దాని మీంచి చెయ్యి తీసేశాడు.