బంపర్‌తో సహా

నా టాక్సీ ముందు నంబరు ప్లేటు మీద చివరి రెండు అంకెలు అరిగిపోయాయి. తప్పు నాదే. పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే అంట్లు తోమే పీచుతో దాన్ని తళతళలాడేలా తోముతూ వచ్చాను.

కొత్త ప్లేటు కోసం ఆర్టీవో ఆఫీసుకి వెళితే, కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు. "పాత ప్లేటు అప్పజెబితేనే కొత్తదమ్మా. రూలు."

"అది ఊడదండీ. టకటకా కొట్టుకుంటోందని మా మరిది దాన్ని ఇనప బంపర్‌కి వెల్డింగ్ చేసేశాడు."

"అదంతా నాకెందుకమ్మా? ప్లేటు ఈ కౌంటరు మీదుండాలి. అంతే."

ఇంటికొచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది. మా ఆయన పెయింటు డబ్బాతో ఎదురొచ్చాడు. "రెండంకెలేగా, నేను దిద్దేస్తాను. ఎవడు చూడొచ్చాడు?"

"రోడ్డు మీద నన్నాపితే నువ్వొచ్చి సమాధానం చెబుతావా? ఆ డబ్బా అవతల పెట్టి, పానా ఇటివ్వు."

కారు కింద దూరాను. బోల్టులు తుప్పు పట్టి మొండికేశాయి. నేను వాటికన్నా మొండిదాన్ని. మధ్యాహ్నానికల్లా బంపర్ నా చేతుల్లో ఉంది.

దాన్ని బస్సెక్కించి, అందరి మోకాళ్లకీ తగిలిస్తూ, అందరి చేతా తిట్లు తింటూ ఆఫీసుకి మోసుకెళ్లాను. కౌంటరు మీద అడ్డంగా పెడితే రెండు చివర్లూ పక్క కిటికీల దాకా వెళ్లాయి. గుమాస్తా ఈసారి తలెత్తాడు.

"ఇదేంటమ్మా?"

"పాత ప్లేటు. కౌంటరు మీదుండాలన్నారుగా. మీది మీరు ఊడదీసుకుని, నా బంపర్ నాకివ్వండి. తొందరేం లేదు, కూర్చుంటాను."