నాటు ముగిసేదాకా పాడని చరణం

ఆ రికార్డు పెద్దపల్లికి వచ్చిన రోజున నేను పటేలుగారి షేర్వాణీకి కుడి చెయ్యి ఎడమ వైపూ, ఎడమ చెయ్యి కుడి వైపూ కుట్టాను. పటేలు తొడుక్కుని చూసి నన్ను నానా మాటలూ అన్నాడు. అనవలసిందే. కోపంలో ఉన్నవాడు మిషను ముందు కూర్చోకూడదు. కానీ ఆ కోపం తప్పా అంటే కాదనే ఈనాటికీ అంటాను. పడవలసిన మనిషి మీద పడలేదు, అంతే.

స్టేషన్ రోడ్డులో నాది దర్జీ దుకాణం. ఒక మిషను, ఒక బెంచీ. సాయంత్రమైతే ఆ బెంచీ మీదికి మరో ఇద్దరు వచ్చి చేరేవారు. ఒకడు దేవదాసు. పెళ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికిస్తాడు. ఇంకొకాయన బడిపంతులు రాజయ్య సారు. ముగ్గురికీ ఒకటే పిచ్చి, పాటలు. సినిమా పాటలు కావు. తమ పాట తామే కట్టి, తామే పాడే మనుషుల పాటలు.

దేవదాసుకు మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసే సీమోను అంటే ప్రాణం. సీమోను కూడా దేవదాసు వాళ్ల చర్చి మనిషే. బాయి సైరను మీద, దిగినవాడు ఎక్కి వచ్చేదాకా గడప దాటని పెండ్లాం మీద పాటలు కట్టేవాడు. అవి వినడానికి మేం ముగ్గురం రైలెక్కి పోయేవాళ్లం. రాజయ్య సారుకేమో వేములవాడలో తంబుర పట్టుకు తిరిగే హనుమంతు తత్వాలు తప్ప ఇంకేవీ చెవికెక్కవు. నాకు, పెద్దపల్లి పక్కనే ఉన్న మా ఊరి చంద్రవ్వ. ఆమె నాటు కూలికి పోతుంది. నడుము వంచి నారు పెడుతూ పాట కడుతుంది, పక్కనున్న ఆడవాళ్లు వంత పాడతారు. వాళ్లు వంత పాడి ముగించేలోపు ఆమెకు తర్వాతి చరణం వచ్చి నిలుచునేది. అది నేను చిన్నప్పటినుంచి మడి ఒడ్డు మీద నిలబడి చూశాను.

వీళ్లలో ఎవరిది గొప్ప పాట అని మేం పెట్టుకున్న జగడాలకు లెక్క లేదు. 'నీ సీమోను రాగం యాడ్నించి తెచ్చిండో నాకెరుకలేదా, మీ చర్చిల కీర్తనదే గది' అని నేనంటే, దేవదాసు రెండు రోజులు దుకాణం మొహం చూసేవాడు కాదు. అప్పటికి ముగ్గురిలో ఎవరి పాటా రికార్డు కాలేదు. అయితే ముందు ఎవరిది కావాలన్నదే అసలు పట్టింపు. నాకైతే చంద్రవ్వది కావాలి. ఆమె కోసం ఎంత, దేవదాసు ముందు కాలర్ ఎగరేయడం కోసం ఎంత అని అడిగితే ఇప్పుడు చెప్పలేను.

చివరికి ఆమె పాటే ముందు పడింది. కరీంనగర్‌నుంచి దేవదాసే ఆ రికార్డు కొనుక్కొచ్చి, నా బెంచీ మీద గ్రామఫోను పెట్టి ముల్లు దించాడు.

ముందు వయొలిన్ మోగింది. తర్వాత క్లారినెట్. ఆ తర్వాత పట్నంలో సంగీతం నేర్చుకున్న ఒకావిడ గొంతు, పంచదార పాకంలో ముంచి తీసినట్టు:

'మొగులు మమ్ము చూడకుంట పాయె ఓ చెల్లెలా
మడి కండ్లు కాయలు గాసె ఓ చెల్లెలా'

'బురదల వయొలినేందిర?' అన్నాను. దేవదాసు ఊరుకొమ్మన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చరణాలు అయ్యాయి. ఐదోది మొదలవుతుందని చూస్తుంటే ముల్లు గరగరమంది.

ఐదో చరణంలోనే చంద్రవ్వ పేరుంది. పాట కట్టినవాళ్లు ఆఖరున తమ పేరు పెట్టుకోవడం మా వైపు అందరూ చేసేదే. ఆమె చరణం ఇది:

'నడుము వంచి నాటు వేసి ఓ చెల్లెలా
నారుతోటి పాట గట్టె చంద్రవ్వ ఓ చెల్లెలా'

రికార్డు తీసి చూశాను. గుండ్రటి కాగితం మీద పాడినావిడ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద 'జానపదం' అని ఉంది. ఇంకేమీ లేదు.

'గిదేంది సారూ? ఆమె పేరేది?' అన్నాను.

రాజయ్య సారు కళ్లద్దాలు సర్దుకున్నాడు. 'జానపదమంటే జనానిది లచ్చిరాజం. అండ్ల తప్పేమున్నది?'

'రేపు మీ హనుమంతు తత్వాన్ని గిట్లనే జనానిదని రాస్తె ఊకుంటరా?'

దేవదాసు అడ్డొచ్చి, 'గొంతు మంచిగున్నది గదా లచ్చన్నా, చంద్రవ్వ గొంతు గింత నున్నగ ఉంటదా' అన్నాడు. షేర్వాణీ చేతులు తారుమారైంది సరిగ్గా అప్పుడే.

ఆ ఎండాకాలం నా ప్రాణం తీసింది. దేవదాసు ఎక్కడ మైకు కట్టినా ఆ రికార్డే. పెళ్లికొడుకు వచ్చినా అదే, పిల్లను తీసుకుపోతున్నా అదే. 'పాట అయిపోంగనె, గిది ఫలానా చంద్రవ్వ కట్టిందని మైకుల చెప్పు' అని వెంటపడ్డాను. పాపం చెప్పాడు కూడా. ఆ సమయానికి వడ్డన మొదలయ్యేది. పప్పు పిలుపుల మధ్య చంద్రవ్వ పేరు ఎవరికి వినబడుతుంది? రెండు పెళ్లిళ్లు చూసి మానేశాడు.

వైశాఖంలో మా ఊళ్లోనే ఒక పెళ్లయింది. చంద్రవ్వ పందిరి పక్కన మోదుగాకు విస్తర్లు కుడుతోంది. మైకు బూరలోంచి ఆ పాట వచ్చింది. పుల్ల చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. మొహం వెలిగిపోయింది. పక్కనున్న బాలవ్వ మోకాలు తట్టి, 'ఇను, ఇను' అంది. నాలుగు చరణాలూ పెదవులతో తనూ పాడింది. పాట ఆగిపోయింది. ఆమె బూర వైపు చూస్తూనే ఉంది. మిగతాది ఇంకా రావలసి ఉందనుకుంది. దేవదాసు ఏదో సినిమా పాట పెట్టాడు.

'ఇంకొకటున్నది గదా లచ్చిరాజం?' అంది నన్ను చూసి.

'కంపెనోళ్లు కోసిండ్రత్తా. రికార్డుల మూడు నిమిషాలే పడతదట.'

'కోస్తె నడుమల్ది కొయ్యాలె. పేరున్నది కోసుడేంది?' విస్తరి పక్కన పడేసింది. 'భూమి మీద నా పేరు లేదు. ఇల్లు మా మరిది పేర ఉన్నది. కడుపున ఒక కాయ గాయలే. గా ఒక్క పాటలనే నా పేరున్నదిరా.'

'నువ్వు ఫికర్ చెయ్యకత్తా. రాసి పేరు పెట్టించే పూచీ నాది' అన్నాను. అందరిముందు, గట్టిగా.

రాజయ్య సారు చేత కంపెనీకి ఉత్తరం రాయించాను. జవాబు లేదు. రెండోది రాయించాను. లేదు. మూడో దాంట్లో నేను చెప్పిన మాటల్లో సగం సారు రాయనన్నాడు, బడిపంతులు రాయదగ్గ మాటలు కావని. పోస్టుమ్యాను నా దుకాణం ముందు సైకిలు వేగం పెంచడం మొదలుపెట్టాడు. చివరికి ఆషాఢంలో ఒక కార్డు వచ్చింది. సారు బెంచీ మీద కూర్చుని పైకి చదివాడు:

'సదరు గీతము సేకరించిన మా ప్రతినిధి నోట్సు పరిశీలించితిమి. ఇది ఏ ఒక్కరిదీ కాదనీ, తమ ప్రాంతమున అందరిదీ అనీ, తనను పొలమునకు తీసుకొనిపోయిన స్థానిక పెద్దమనిషి స్వయముగా తెలిపినట్లు అందులో ఉన్నది. కావున ఈ విషయమై ఇకపై ఉత్తరములు వ్రాయవలదు.'

'ఎవడా పెద్దమనిషి?' అన్నాడు దేవదాసు, కోపంగా. 'పేరు తెలిస్తె మైకుల చెప్త వాని సంగతి.'

నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. సూది కింద గుడ్డ లేదు.

అంతకుముందు ఏడాది శ్రావణంలో ఆ కంపెనీ ఆయన వచ్చాడు. పల్లె పాటలు కావాలని స్టేషన్లో అడిగితే దేవదాసు దగ్గరికి పంపారు. దేవదాసు అన్నానికి పోయాడు. ఆయన నా దుకాణంలోకి తొంగి చూశాడు. ఇంకేముంది, మిషను మీద గుడ్డ కప్పి, దేవదాసు తిరిగి రాకముందే ఆయన్ను బండెక్కించి మా ఊరి మడి దగ్గరికి తీసుకుపోయాను. చంద్రవ్వ వాళ్లు నాటు వేస్తున్నారు. ఆమె పాడుతుంటే ఆయన ఒడ్డు మీద గొడుగు కింద కూర్చుని రాసుకున్నాడు. నాలుగు చరణాలయ్యాయి. ఐదోది పాడలేదు. మా దగ్గర ఆఖరి చరణం, ఆఖరి పిడికెడు నారు పెట్టినంకే పాడతారు. మడి సగం మిగిలుండగా ముగింపు పాడితే ఆ మడికి మంచిది కాదని. ఆయనకేమో మూడు గంటల రైలు. లేచాడు. వంగి నాటు వేస్తున్న చంద్రవ్వ మేం పోవడం చూడలేదు.

దారిలో ఆయన అడిగాడు. స్పష్టంగా అడిగాడు. 'ఈ పాట ఎవరు కట్టారండీ?'

ఒక్క పేరు. మూడు అక్షరాలు. నాలుక చివరే ఉంది. కానీ ఒక నాటు కూలి ఆవిడ కట్టిందంటే ఆయనకు పాట తేలికగా కనబడుతుందేమో అనిపించింది. గొప్పగా చెప్పాలనుకున్నాను. రొమ్ము విరుచుకుని అన్నాను: 'ఎవరు కట్టుడేంది సారూ? మా జిల్లాల గీ పాట రాని నోరున్నదా? గిది అందరిది!'

ఆయన సంతోషంగా రాసుకున్నాడు. స్టేషన్ చేరేదాకా, నేను ఎన్ని పాటలు విన్నానో, ఎందరిని ఎరుగుదునో నా గొప్పలే చెప్పాను. రైలు కదిలేముందు ఆయన నా పేరు అడిగి రాసుకున్నాడు. అది మాత్రం అడగ్గానే చెప్పాను.

కార్డు వచ్చిన మర్నాడు ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. రాజయ్య సారు తల దించుకున్నాడు. దేవదాసు, 'మాకు చెప్పి ఏం లాభం? ఆమెకు చెప్పు' అన్నాడు. ధైర్యం కూడదీసుకోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. శ్రావణంలో దుకాణం మూసి ఊరికి పోయాను.

మళ్లీ నాట్లు. ఎనిమిది మంది ఆడవాళ్లు, ఎక్కువమంది కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు. చంద్రవ్వ పాటే పాడుతున్నారు, కాని రికార్డు పద్ధతిలో. చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్ తీసిన ఆ సాగుడు కూడా నోటితో తీస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆఖరి పిడికెడు నారు పెట్టి చంద్రవ్వ నడుమెత్తింది. 'నడుము వంచి నాటు వేసి' అని ఎత్తుకుంది.

ఎవరూ వంత పాడలేదు. ఒకరిద్దరు అప్పటికే కాలువలో కాళ్లు కడుక్కుంటున్నారు. ఆమె రెండో వరుస కూడా ఒక్కతే పాడింది, తన పేరు తనే పలికి ఆపింది.

'గిదేం చరణమవ్వా? రికార్డుల లేదు గదా' అంది ఒక పిల్ల. దాని తప్పేమీ లేదు, తెలియక అడిగింది. 'నీ పేరు నువ్వే పెట్టుకున్నవా?' అని నవ్వింది.

చంద్రవ్వ ఒడ్డెక్కి నా దగ్గరికి వచ్చింది. 'పేరు పెట్టిచ్చినవా?' అంది.

'అత్తా, కంపెనోళ్లు కొయ్యలే. గా దినం నన్ను అడిగిండ్రు. నేనే చెప్పిన, అందరిదని.'

ఆమె చేతుల బురద గడ్డికి రాసి తుడుచుకుంది. రెండు చేతులూ, వేలు వేలూ.

'నా పేరు నీకు యాదికి రాలేదా?'

'వచ్చింది.'

'మరి?'

'పాట గొప్పగ కనబడాలని...'

'నా పేరు చెప్తె పాట చిన్నగైతదా లచ్చిరాజం?'

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అక్కడితో నోరు మూసుకుని రావలసింది. కానీ నా పిచ్చి నాది. 'కొత్తదేమన్న కట్టినవా అత్తా?' అని అడిగేశాను.

'కట్టిన. మొన్న దేవుని మడి నాటేసినప్పుడు.'

సిగ్గు విడిచి చెబుతున్నాను, గుండె ఎగిరింది. ఒడ్డు మీద కూర్చోబోయాను. 'జర ఇనిపియ్యరాదు?'

'నువ్వు ఒడ్డు మీదున్నంతసేపు నేను పాడ' అంది చంద్రవ్వ. గొంతు పెంచలేదు. 'పో బిడ్డా. దుకాణం మూసి వచ్చినవు. గిరాకొస్తది.'

చెప్పులు చేతపట్టుకుని బండ్ల బాట ఎక్కాను. వందడుగులు నడిచాక, వెనక పక్క మడిలో దిగి పాట ఎత్తుకున్నారు. కొత్తదే. ఆ రాగం నేను ఎన్నడూ విన్నది కాదు. మిగతా గొంతులన్నీ వంత పాడుతున్నాయి. మాటలు మాత్రం అందడం లేదు. చెవి ఒగ్గి నిలబడ్డాను. పాట ఆగింది. తిరిగి చూస్తే చంద్రవ్వ నారుకట్ట పట్టుకుని నా వైపే చూస్తోంది. నాలుగడుగులు వేశాను. మళ్లీ మొదలైంది. మోదుగుచెట్టు చాటున ఇంకోసారి ఆగాను. మళ్లీ ఆపింది.

ఇక ఆగలేదు. పెద్దపల్లి దాకా నడిచాను.